థర్మల్ ప్రింటర్‌లో బార్‌కోడ్ లేబుళ్లు: ముందు చుక్కలు లెక్కపెట్టండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. స్టాకు వివరాలన్నీ డేటాబేస్‌లో ఉన్నాయి. ప్రతి వస్తువుకూ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీతలు కలిపి 14 అక్షరాల కోడ్ ఉంది. మీ ప్రోగ్రామ్ దాన్ని కోడ్ 128 అనే రకం బార్‌కోడ్ బొమ్మగా మార్చి, పీడీఎఫ్‌లో పెట్టి, విండోస్ డ్రైవర్ ద్వారా 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) థర్మల్ ప్రింటర్‌కు పంపుతోంది. లేబుల్ 50 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల ఎత్తు. కంటికి అన్నీ ఒకేలా బాగున్నాయి. కానీ స్కానర్ కొన్నిటిని చటుక్కున చదువుతోంది, కొన్నిటిని ఎన్నిసార్లు ప్రయత్నించినా చదవడం లేదు. పైగా నెట్‌వర్క్ ఆగినప్పుడల్లా కొన్ని లేబుళ్లు రెండేసి వస్తున్నాయి, కొన్ని అసలు రావడం లేదు. ప్రింటర్ మార్చాలా, స్కానర్ మార్చాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ మార్చక్కర్లేదు. మీవి రెండు వేర్వేరు సమస్యలు. చదవకపోవడానికి కారణం చుక్కల లెక్క. రెండేసి రావడానికి కారణం, ఏ లేబుల్ నిజంగా బయటికొచ్చిందో మీ డేటాబేస్‌కు తెలియకపోవడం. మొదటిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అందులోనే అసలు చిక్కు ఉంది.

థర్మల్ ప్రింట్‌హెడ్ అంటే వరుసగా పేర్చిన చిన్న చిన్న వేడి చుక్కలు. 203 డీపీఐ హెడ్‌లో మిల్లీమీటరుకు 8 చుక్కలు ఉంటాయి, అంటే ఒక్కో చుక్క 0.125 మిల్లీమీటర్లు. చుక్క వెలిగితే నలుపు, లేకపోతే తెలుపు. అర చుక్క అనేది లేదు, బూడిద రంగు అనేది లేదు. బార్‌కోడ్‌లో అన్నిటికంటే సన్నని గీత వెడల్పును మాడ్యూల్ అంటారు. మిగతా గీతలు, ఖాళీలు అన్నీ దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉంటాయి. స్కానర్ చదివేది ఈ నిష్పత్తినే. కాబట్టి ఒక మాడ్యూల్‌కు సరిగ్గా 2 చుక్కలో, 3 చుక్కలో, పూర్ణాంకమే పడాలి. ఒకటిన్నర పడితే ఒక చోట 1, ఇంకో చోట 2 అవుతుంది. అప్పుడు ఒక మాడ్యూల్ గీతకూ రెండు మాడ్యూళ్ల గీతకూ తేడా చెరిగిపోతుంది.

ఇప్పుడు మీ 14 అక్షరాల కోడ్ సంగతి. కోడ్ 128లో ఒక్కో అక్షరానికి 11 మాడ్యూళ్లు. మొదట్లో స్టార్ట్ గుర్తుకు 11, చివర తప్పు చదివితే పట్టిచ్చే చెక్ అక్షరానికి 11, స్టాప్ గుర్తుకు 13. అంటే 14 అక్షరాలకు 154, వాటికి 35 కలిపితే 189. రెండు పక్కలా చెరో 10 మాడ్యూళ్ల తెల్ల ఖాళీ తప్పనిసరి, కాబట్టి మొత్తం 209. మాడ్యూల్‌కు 2 చుక్కలు వేస్తే 418 చుక్కలు. మీ లేబుల్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, అంటే 400 చుక్కలు. పట్టదు.

పట్టని బార్‌కోడ్‌ను పీడీఎఫ్ ఏం చేస్తుంది? కుదిస్తుంది. అంచులు వదిలి 46 మిల్లీమీటర్లలో ఇరికించిందనుకోండి, 368 చుక్కల్లో 209 మాడ్యూళ్లు, అంటే మాడ్యూల్‌కు 1.76 చుక్కలు. డ్రైవర్ దాన్ని ఎక్కడికక్కడ సర్దుతుంది, కొన్ని గీతలు సరిగ్గా పడతాయి, కొన్ని సన్నబడతాయి, కొన్ని ఖాళీలు మూసుకుపోతాయి. ఏ గీత దెబ్బతింటుందన్నది ఆ కోడ్‌లో ఏ అక్షరం ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒకే రోల్, ఒకే ప్రింటర్, ఒకే స్కానర్ అయినా కొన్ని చదువుతోంది, కొన్ని చదవడం లేదు. చదవని లేబుల్‌ను మళ్లీ ప్రింట్ చేసినా అది మళ్లీ చదవకపోవడానికి కారణం కూడా ఇదే. మీరు ఆ సంగతి గమనించే ఉంటారు.

చదవని లేబుల్‌ను భూతద్దంతో చూడండి, లేదా ఫోన్ కెమెరాను బాగా దగ్గరికి తెచ్చి ఫొటో తీసి పెద్దది చేయండి. సన్నని గీతలన్నీ ఒకే మందంలో ఉన్నాయా? ఒక్కటి మిగతావాటిలో సగం ఉన్నా రోగం దొరికినట్టే. అలాగే గీతలకు అటూ ఇటూ తెల్ల ఖాళీ ఎంత మిగిలిందో చూడండి. చాలామంది బార్‌కోడ్ పెద్దగా ఉంటే బాగా చదువుతుందని లేబుల్ అంచు దాకా సాగదీస్తారు. బార్‌కోడ్ ఎక్కడ మొదలైందో స్కానర్‌కు తెలిసేది ఆ ఖాళీ వల్లే. దాన్ని తినేస్తే ఎంత నల్లగా ప్రింటయినా లాభం లేదు.

దీనికి నేను చెప్పే మందు కోడ్‌ను చిన్నది చేయడం. బార్‌కోడ్‌లో వస్తువు వర్గం, బ్యాచ్, రంగు, సైజు అన్నీ ఇరికించాల్సిన అవసరం లేదు. అవన్నీ డేటాబేస్‌లో ఉన్నాయి కదా. బార్‌కోడ్ పని ఆ రికార్డును వేలెత్తి చూపించడం, అంతే. వర్గం మారినప్పుడు లేబుల్ తప్పయిపోయే బాధ కూడా ఉండదు. మీ 14 అక్షరాల కోడ్‌ను లేబుల్ మీద మామూలు అక్షరాల్లో వేసుకోండి, మనుషులకు అది కావాలి. బార్‌కోడ్‌లో మాత్రం అంకెలు మాత్రమే ఉన్న 10 అంకెల సంఖ్య పెట్టండి.

అంకెలే అని ఎందుకంటున్నానంటే, కోడ్ 128లో సీ అనే సెట్ ఉంది. అది రెండేసి అంకెలను ఒక్క గుర్తులో పెడుతుంది. 10 అంకెలకు 5 గుర్తులు చాలు: 55, స్టార్టూ చెక్కూ స్టాపూ కలిపి 35, మొత్తం 90 మాడ్యూళ్లు. దీనికి మాడ్యూల్‌కు 3 చుక్కలు ఇవ్వగలరు. 270 చుక్కలు, తెల్ల ఖాళీ 60, మొత్తం 330 చుక్కలు, అంటే 41 మిల్లీమీటర్ల పైచిలుకు. 50 మిల్లీమీటర్ల లేబుల్ మీద హాయిగా కూర్చుంటుంది, రోల్ కాస్త పక్కకు జరిగినా ఇబ్బంది ఉండదు. సన్నని గీత 0.375 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి సాధారణ స్కానర్ కూడా కాస్త దూరం నుంచే చదివేస్తుంది. అంకెల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంచండి. 11 అంకెలుంటే మిగిలిన ఒక్క అంకె కోసం సెట్ మారాలి, దానికి అదనంగా గుర్తులు ఖర్చవుతాయి.

ఆ పదిలో తొమ్మిది అంకెలు డేటాబేస్ ఇచ్చే వరుస సంఖ్య, పదోది ఆ తొమ్మిదింటి నుంచి మీరు లెక్కగట్టిన చెక్ అంకె అయితే మంచిది. కోడ్ 128కు సొంత చెక్ ఉంది కదా అనవచ్చు. అది స్కానర్‌కు. లేబుల్ చిరిగినప్పుడు మనిషి కింద ఉన్న అంకెలు చూసి టైప్ చేస్తాడు, రెండు అంకెలు తారుమారు చేస్తాడు, అది ఇంకో వస్తువుకు సరిపోతుంది. చెక్ అంకె ఉంటే అలాంటి పొరపాట్లలో చాలావరకు అక్కడే ఆగిపోతాయి. సంఖ్యను సున్నాలతో మొదలుపెట్టకండి. 100000001 నుంచి మొదలుపెడితే మొదటి అంకె ఎప్పుడూ సున్నా కాదు. ఎందుకంటే ఎవరో ఒకరు ఆ టేబుల్‌ను ఎక్సెల్‌లోకి తీసి మళ్లీ ఎక్కిస్తారు, ముందున్న సున్నాలు మాయమవుతాయి. కాలమ్ కూడా టెక్స్ట్‌గానే ఉంచండి. దాన్ని మనం కూడేది లేదు, తీసివేసేది లేదు.

అంకెలకు ఇంకో లాభం కూడా ఉంది. స్కానర్లలో ఎక్కువ భాగం కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తాయి. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంటే పెద్ద అక్షరాలు చిన్నవిగా రావచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉంటే ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాలు పడతాయి. స్కానర్ పాడైందని అందరూ టెన్షన్ పడతారు, తీరా చూస్తే కారణం ఇది.

మీ వస్తువులు బయటి దుకాణాల్లో అమ్మేవైతే, వాటికి అధికారికంగా తీసుకున్న ఈఏఎన్ 13 నంబర్ (దుకాణాల బిల్లింగ్‌లో వాడే 13 అంకెల బార్‌కోడ్) ఉంటే సంగతి వేరు. అక్కడ మీ సొంత సంఖ్య చెల్లదు. ఈఏఎన్ 13కు తెల్ల ఖాళీతో కలిపి 113 మాడ్యూళ్లు, మాడ్యూల్ ప్రామాణిక వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. 203 డీపీఐలో అది 2.64 చుక్కలు, అంటే మళ్లీ పూర్ణాంకం కాదు. 3 చుక్కలు వేయండి, 339 చుక్కలవుతుంది, మీ లేబుల్‌లో పడుతుంది. 300 డీపీఐ ప్రింటర్‌లో అయితే 4 చుక్కలు దాదాపు 0.34కు వస్తాయి, అది ఇంకా దగ్గర.

సరే, సంఖ్య తేలింది. ఇక దాన్ని ప్రింటర్‌కు ఎలా పంపాలి అన్నది. బొమ్మగా పంపకండి. బార్‌కోడ్ ఫాంట్‌తో వర్డ్‌లో వేయడం కూడా ఇదే జబ్బు, అక్కడ ఫాంట్ సైజు పాయింట్లలో ఉంటుంది, చుక్కల్లో ఉండదు. లేబుల్ ప్రింటర్లకు సొంత భాషలున్నాయి: జీబ్రా ప్రింటర్లకు జెడ్‌పీఎల్, టీఎస్‌సీ ప్రింటర్లకు టీఎస్‌పీఎల్, సాటో ప్రింటర్లకు ఎస్‌బీపీఎల్. ఇతర కంపెనీల ప్రింటర్లు కూడా చాలావరకు జెడ్‌పీఎల్‌ను అర్థం చేసుకుంటాయి, మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి. ఈ భాషలో మీరు పంపేది మామూలు టెక్స్టే. "ఇక్కడ, ఈ సంఖ్యతో, మాడ్యూల్‌కు 3 చుక్కలతో కోడ్ 128 గీయి" అని చెబుతారు. గీతలు గీసే పని ప్రింటర్ చూసుకుంటుంది. తన చుక్కలు తనకు తెలుసు కాబట్టి ఒక్కటి కూడా తప్పు పడదు.

జెడ్‌పీఎల్‌లో మీ లేబుల్ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. కమాండ్ల ముందు ^ గుర్తు ఉంటుంది, కొన్నిటికి ~ ఉంటుంది. ^ఎక్స్‌ఏ తో లేబుల్ మొదలు, ^ఎక్స్‌జెడ్ తో ముగింపు. మొదలవగానే ^పీడబ్ల్యూ 400 అని వెడల్పు, ^ఎల్‌ఎల్ 200 అని ఎత్తు చుక్కల్లో చెప్పండి. తర్వాత ^ఎఫ్‌ఓ తో బార్‌కోడ్ మొదలయ్యే చోటు. 270 చుక్కల బార్‌కోడ్‌ను 400లో మధ్యకు తేవాలంటే ఎడమ నుంచి 65. అటూ ఇటూ 65 చుక్కల ఖాళీ మిగులుతుంది, కావాల్సింది 30 మాత్రమే. ^బీవై 3 అంటే మాడ్యూల్‌కు 3 చుక్కలు. ^బీసీ కోడ్ 128 కమాండ్, దానికి ఎత్తు 80 చుక్కలు ఇస్తే ఒక సెంటీమీటరు వస్తుంది. ఇక ^ఎఫ్‌డీ తర్వాత మీ పది అంకెలు, ^ఎఫ్‌ఎస్ తో ఆ ఫీల్డ్ ముగింపు.

^బీసీలో ఒక చిన్న మెలిక ఉంది. దాని చివరి పారామీటర్ మోడ్. ఏమీ ఇవ్వకపోతే అంకెలైనా సరే ఒక్కోదానికి ఒక్కో గుర్తు పట్టే బీ సెట్‌లోనే గీస్తుంది. అంటే పది అంకెలకు 145 మాడ్యూళ్లు, 3 చుక్కల లెక్కన లేబుల్ దాటిపోతుంది. ఆటోమేటిక్ మోడ్‌కు ఏ అని పెట్టండి, అప్పుడు అదే సీ సెట్‌కు మారుతుంది. ప్రింట్ చేశాక స్కేలుతో కొలవండి. బార్‌కోడ్ పొడవు 34 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే సరిగ్గా వచ్చినట్టు.

వస్తువు పేర్లు డేటాబేస్ నుంచి నేరుగా కమాండ్లలోకి అతికించేటప్పుడు జాగ్రత్త. పేరులో ఎక్కడైనా ^ గానీ ~ గానీ ఉంటే ప్రింటర్ దాన్ని కమాండ్ అనుకుంటుంది. లేబుల్ సగంలో తెగిపోతుంది, లేదా ప్రింటర్ సెట్టింగ్ ఏదో మారి కూర్చుంటుంది. ^ఎఫ్‌హెచ్ కమాండ్ వాడితే ఆ గుర్తులను హెక్స్ విలువలుగా పంపవచ్చు. డేటాబేస్ క్వెరీల్లో బయటి టెక్స్ట్‌ను శుభ్రం చేయకుండా వాడం కదా, ఇక్కడా అంతే శ్రద్ధ కావాలి.

పేరు తెలుగులో రావాలంటే ఒక్క మాట. ప్రింటర్‌లో ఉండే ఫాంట్లలో మామూలుగా తెలుగు ఉండదు. తెలుగు ఫాంట్ ఎక్కించినా గుణింతాలు, ఒత్తులు సరైన చోట కూర్చోవడం ప్రింటర్ మీద ఆధారపడితే కష్టం. "క్ష్మ" లాంటిది విడిపోయి పొల్లులతో వస్తుంది. కాబట్టి తెలుగు పేరును కంప్యూటర్‌లోనే నలుపు తెలుపు బొమ్మగా, అదే డీపీఐలో తయారు చేసి ^జీఎఫ్ కమాండ్‌తో పంపండి. బార్‌కోడ్ మాత్రం ప్రింటర్‌తోనే గీయించండి. అక్షరం అంచులో ఒక చుక్క అటూ ఇటూ అయినా కన్ను సర్దుకుంటుంది, స్కానర్ సర్దుకోదు.

డిజైన్‌ను ప్రింటర్ మెమరీలోనే దాచుకుని, ప్రతిసారీ సంఖ్య, పేరు మాత్రమే పంపే పద్ధతి కూడా ఉంది. నాకు అది నచ్చదు. నాలుగు ప్రింటర్లుంటే ఒకదానిలో పాత డిజైన్ ఉండిపోతుంది, ఎవరూ గమనించరు. లేబుల్ మొత్తం కొన్ని వందల బైట్లే, ప్రతిసారీ పూర్తిగా పంపినా ఏమీ ఆలస్యం కాదు. డిజైన్‌ను డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో, వెర్షన్ నంబర్‌తో ఉంచండి.

నెట్‌వర్క్ ప్రింటర్ అయితే 9100 పోర్ట్‌కు కనెక్ట్ అయి ఈ టెక్స్ట్ పంపితే చాలు. ఆ పోర్ట్‌కు పాస్‌వర్డ్ ఉండదు, అందుకే అది లోపలి నెట్‌వర్క్ దాటి కనిపించకూడదు. యూఎస్‌బీ ప్రింటర్ అయితే విండోస్ స్పూలర్‌కు (ప్రింట్ పనులను వరుసలో పెట్టే భాగం) రా డేటాగా, అంటే ఏ మార్పూ లేకుండా పంపండి, డ్రైవర్ అందులో వేలు పెట్టదు. రోజుకు పది, ఇరవై లేబుళ్లే అయితే, ప్రోగ్రామ్ రాసే మనిషి లేకపోతే, బార్‌టెండర్, నైస్‌లేబుల్ లాంటి సాఫ్ట్‌వేర్లు నేరుగా డేటాబేస్‌కు కనెక్ట్ అవుతాయి. అవి వాడటంలో తప్పేమీ లేదు. అక్కడ కూడా బార్‌కోడ్‌ను మౌస్‌తో లాగి సాగదీయకుండా మాడ్యూల్ వెడల్పును చుక్కల్లో ఎంచుకోండి.

ఇప్పుడు రెండో సమస్య, రెండేసి రావడం, రాకపోవడం.

మొదట తెలుసుకోవాల్సింది, పంపడం వేరు, ప్రింటవడం వేరు. 9100 పోర్ట్‌కు మీరు రాసింది ఎర్రర్ లేకుండా వెళ్లిందంటే ప్రింటర్ బఫర్‌లోకి, అంటే దాని తాత్కాలిక మెమరీలోకి చేరిందని మాత్రమే, చాలాసార్లు అది కూడా ఖాయం కాదు. అక్కడ రోల్ అయిపోయి ఉండవచ్చు, మూత తెరిచి ఉండవచ్చు, ఎవరో స్విచ్ ఆపి ఆన్ చేసి బఫర్ ఖాళీ చేసి ఉండవచ్చు. మీ ప్రోగ్రామ్ "పంపాను" అన్నదాన్ని "ప్రింటయింది" అని రాసుకుంటే లేబుళ్లు మాయమవుతాయి. ఎర్రర్ వచ్చిందని కళ్లు మూసుకుని మళ్లీ పంపితే రెండేసి వస్తాయి. మీ దగ్గర రెండూ జరుగుతున్నాయి.

డేటాబేస్ ట్రిగ్గర్ (రికార్డు మారగానే తనంతట తాను నడిచే ప్రోగ్రామ్) నుంచి నేరుగా ప్రింట్ చేసే పద్ధతి మీ దగ్గర ఉంటే ఈరోజే తీసేయండి. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే, అంటే మధ్యలో రద్దయితే, రికార్డు పోతుంది, కాగితం మీద పడ్డది మాత్రం ఉంటుంది. ఆ లేబుల్ ఏ రికార్డుకూ చెందకుండా ఏదో ఒక డబ్బా మీద అతుక్కుని ఉంటుంది. ప్రింట్‌హెడ్ దాకా వెళ్లేది ఏదైనా కమిట్ అయ్యాకే, అంటే డేటాబేస్‌లో ఖాయంగా పడ్డాకే వెళ్లాలి.

అందుకోసం ప్రింట్ పనులకు వేరే టేబుల్ పెట్టండి. ఒక్కో లేబుల్‌కు ఒక్కో రికార్డు: ఏ వస్తువు, ఏ సంఖ్య, ఏ డిజైన్ వెర్షన్, ఏ ప్రింటర్, ఎవరు అడిగారు, ఎప్పుడు, స్థితి ఏమిటి. ఆ క్షణంలో లేబుల్ మీద పడాల్సిన పేరు, ఇతర వివరాలు కూడా అందులో కాపీ చేసి ఉంచండి. రేపు వస్తువు పేరు మారినా, నిన్న అతికించిన లేబుల్ మీద ఏముందో చెప్పగలగాలి. వస్తువు రికార్డు, ప్రింట్ పని రికార్డు ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి. తర్వాత వేరే చిన్న ప్రోగ్రామ్ ఈ టేబుల్‌ను చూస్తూ ఒక్కోటి తీసి పంపుతుంది. అలాంటి ప్రోగ్రామ్‌లు రెండు నడిస్తే రెండూ ఒకే పనిని తీసుకోకుండా లాక్ చేసి తీయాలి. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 వెర్షన్ నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి స్కిప్ లాక్డ్ ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రీడ్‌పాస్ట్ ఉంది. ఇంకొకరు తీసుకున్న రికార్డును వదిలి తర్వాతి దానికి వెళ్లడానికే అవి.

స్థితులు కనీసం ఇవి ఉండాలి: వేచి ఉంది, పంపుతున్నాం, పంపాం, ప్రింటయింది, సందేహం. అందరూ మర్చిపోయేది ఈ చివరిదే. పంపుతుండగా నెట్‌వర్క్ తెగితే ఆ లేబుల్ వచ్చిందో లేదో మీ ప్రోగ్రామ్‌కు తెలిసే మార్గం లేదు. తెలియనప్పుడు తెలియదని రాసుకోవాలి. తనంతట తాను మళ్లీ పంపకూడదు, స్క్రీన్ మీద చూపించి ప్రింటర్ దగ్గరున్న మనిషిని అడగాలి. ఆ మనిషికి చూడగానే తెలిసేలా ప్రతి లేబుల్ మూలలో పని నంబర్, ఎన్నోది అన్నది చిన్న అక్షరాల్లో వేయండి. "1042, 17/50" అని ఉంటే, 17 ఉండి 18 లేదంటే ఎక్కడ ఆగిందో క్షణంలో తేలుతుంది. మీ సమస్యకు ఇది చాలా పెద్ద ఊరట, ఖర్చు ఏమీ లేదు.

జెడ్‌పీఎల్ ప్రింటర్లను ~హెచ్‌ఎస్ కమాండ్‌తో స్థితి అడగవచ్చు. కాగితం అయిపోయిందా, హెడ్ తెరిచి ఉందా, రిబ్బన్ (సిరా పట్టీ) అయిపోయిందా, పాజ్‌లో ఉందా, బఫర్‌లో ఇంకా ఎన్ని ఉన్నాయి, ప్రస్తుత పనిలో ఇంకా ఎన్ని లేబుళ్లు మిగిలాయి అన్నీ చెబుతుంది. పంపే ముందు ఒకసారి అడగండి, సిద్ధంగా లేకపోతే పంపకండి. పంపాక మళ్లీ అడగండి, బఫర్ ఖాళీ అయి, మిగిలినవి సున్నా అయితే అప్పుడు "ప్రింటయింది" అని రాయండి. వెయ్యి లేబుళ్లు ఒకేసారి కుమ్మరించకుండా చిన్న చిన్న విడతలుగా పంపితే ఆగినచోట వెతకడం సులువు. ఇంకొకటి, లేబుల్ మధ్యలో రోల్ అయిపోతే, కొత్త రోల్ వేశాక ఆ లేబుల్‌ను ప్రింటర్ తనే మళ్లీ వేసే సెట్టింగ్ ఉంది, దాని కమాండ్ ^జేజెడ్. అది ఆన్‌లో ఉండి, మీ ప్రోగ్రామ్ కూడా మళ్లీ పంపితే రెండు వస్తాయి. ఎవరు మళ్లీ వేయాలో ఒకరికే అప్పగించండి.

అసలు రెండు రావడం ఎంత ప్రమాదం అన్నది మీ లేబుల్ దేనికన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే రకం వస్తువు మీద వేసే లేబుల్ అయితే అన్నిటికీ ఒకే సంఖ్య, అదనంగా ఒకటి వస్తే ఒక లేబుల్ వృథా, అంతే. వాటికి ^పీక్యూ తో ఎన్ని కాపీలో చెబితే చాలు. ఒక్కో వస్తువుకు ఒక్కో సీరియల్ నంబర్ ఉండేవైతే మాత్రం ఒకే సంఖ్య రెండు వస్తువుల మీద అతుకుతుంది, లెక్కంతా చెడుతుంది. సీరియల్ లేబుళ్లకు ప్రింటర్ తనే సంఖ్య పెంచుకుంటూ పోయే కమాండ్ ఉంది, అది వాడకండి. ప్రింటర్ వేసిన సంఖ్యలు డేటాబేస్‌కు తెలియవు. ముందు డేటాబేస్‌లో యూనిక్ కన్‌స్ట్రెయింట్‌తో (ఒకే సంఖ్య రెండుసార్లు పడనివ్వని నియమం) రికార్డు పుట్టాలి, తర్వాతే లేబుల్. మధ్యలో కొన్ని సంఖ్యలు వాడకుండా పోయినా బాధ లేదు. చిరిగిన లేబుల్ సంఖ్య మళ్లీ ఇంకో వస్తువుకు మాత్రం ఇవ్వకండి.

రీప్రింట్‌కు వేరే బటన్, వేరే రికార్డు, కారణం రాసే చోటు ఉండాలి. "కారణం" కాలమ్‌ను నెలకోసారి చదవండి. చిరిగింది, మసకబారింది అని ఒకే ప్రింటర్ పేరు మీద ఎక్కువ కనిపిస్తే దాని హెడ్ చూడాల్సిన టైం వచ్చినట్టు.

హెడ్ అన్నాను కాబట్టి ప్రింటర్ సంగతి కాస్త. డార్క్‌నెస్ (హెడ్ వేడి సెట్టింగ్) పెంచితే బాగా చదువుతుందనుకుని అందరూ పైకి పెట్టేస్తారు. వేడి ఎక్కువైతే గీతలు ఉబ్బి మధ్య ఖాళీలు మూసుకుపోతాయి, హెడ్ కూడా తొందరగా అరుగుతుంది. ఒకే లేబుల్‌ను తక్కువ నుంచి ఎక్కువకు ఒక్కో మెట్టు పెంచుతూ ప్రింట్ చేసి, నలుపు నిండుగా, అంచులు పదునుగా ఉన్న మొదటి మెట్టు దగ్గర ఆపండి. వేగం మార్చితే ఇది మళ్లీ చేయాలి. బార్‌కోడ్‌ను 90 డిగ్రీలు తిప్పి వేస్తే, అంటే గీతలు కాగితం కదిలే దిశకు అడ్డంగా పడితే, వేగం ఎక్కువైనప్పుడు ఒక్కో గీత అంచు అలుముకుంటుంది, అక్కడ వేగం తగ్గించండి. తిప్పకుండా, గీతలు కాగితం కదిలే దిశలోనే పడేలా వేస్తే ఆ బాధ లేదు కానీ, హెడ్‌లో ఒక చుక్క కాలిపోతే లేబుళ్లన్నిటి మీదా అదే చోట సన్నని తెల్ల గీత పడుతుంది. అది ఒక నల్ల గీత మధ్యలో పడితే ఆ బార్‌కోడ్ పోయినట్టే. కొత్త హెడ్ వచ్చేదాకా బార్‌కోడ్‌ను కొన్ని చుక్కలు పక్కకు జరిపి పని నడపవచ్చు. రోల్ మార్చిన ప్రతిసారీ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గ్యాప్ కాలిబ్రేషన్ (లేబుళ్ల మధ్య ఖాళీని ప్రింటర్‌కు గుర్తుపట్టించడం) చేయండి. లేబుల్ పైకో కిందికో జారుతూ పోతుంటే మొదట చూడాల్సింది అదే.

లేబుల్ ఎంతకాలం ఉండాలో కూడా ముందే తేల్చుకోండి. రిబ్బన్ లేకుండా వేడికే నల్లబడే డైరెక్ట్ థర్మల్ కాగితం కొరియర్ పెట్టెలకు చాలు, కానీ ఎండకు, వేడికి, రాపిడికి మసకబారుతుంది. మీ రోల్ ఏదో తెలియకపోతే గోటితో గట్టిగా గీయండి, నల్ల గీత పడితే అది డైరెక్ట్ థర్మల్. ఏళ్ల తరబడి ఉండాల్సిన వాటికి రిబ్బన్ ఉన్న పద్ధతే కావాలి. కాగితం లేబుళ్లకు వ్యాక్స్ రిబ్బన్, పాలియెస్టర్ లాంటి ప్లాస్టిక్ లేబుళ్లకు రెసిన్. రిబ్బన్ లేబుల్ కంటే కాస్త వెడల్పుగా ఉండాలి, లేకపోతే లేబుల్ అంచు హెడ్‌ను గీరుతుంది.

ప్రతి విడతలో మొదటి లేబుల్, చివరి లేబుల్ స్కాన్ చేయించి, వచ్చిన సంఖ్య ప్రింట్ పనుల టేబుల్‌తో సరిపోయిందో ప్రోగ్రామ్‌తోనే చూపించండి. ఫోన్ కెమెరా చదివిందని నమ్మకండి, ఫోన్లు చాలా చెడ్డ బార్‌కోడ్లను కూడా ఎలాగోలా చదివేస్తాయి. రోజూ వాడే స్కానర్‌తోనే, రోజూ పట్టుకునే దూరం నుంచే చూడండి. బయటి కంపెనీలకు సరుకు పంపేవాళ్లను బార్‌కోడ్ ముద్రణ నాణ్యతకు ఉన్న ఐఎస్ఓ 15416 ప్రమాణం ప్రకారం గ్రేడ్ అడగవచ్చు, దానికి వెరిఫయర్ అనే వేరే పరికరం కావాలి. సొంత గోదాముకు అంత అవసరం లేదు.

ఇక ఇప్పటికే అతికించిన పాత లేబుళ్లు. వాటిని పీకే పని పెట్టుకోకండి. పాత 14 అక్షరాల కోడ్ కాలమ్ అలాగే ఉంచి, దాని మీద ఇండెక్స్ పెట్టండి. స్కాన్ అయినది 10 అంకెలైతే కొత్త కాలమ్‌లో, కాకపోతే పాత కాలమ్‌లో వెతికేలా రాసుకోండి. పాత లేబుల్ ఉన్న వస్తువు ఏదో ఒక పని మీద చేతికి వచ్చినప్పుడు, అప్పుడే కొత్త లేబుల్ ప్రింట్ చేసి పాతదాని మీద పూర్తిగా మూసేలా అతికించండి. రెండూ కనిపిస్తే స్కానర్ ఏది పడితే అది చదువుతుంది. మొదట ఒక్క ప్రింటర్ మీద, ఒక్క వర్గం వస్తువులతో మొదలుపెట్టి, ఇంతకుముందు చదవని లేబుళ్ల రికార్డులనే ఎంచుకుని కొత్త పద్ధతిలో ప్రింట్ చేసి చూడండి. అవి చదివితే మిగతావాటికి అదే డిజైన్ వాడవచ్చు. అప్పటికీ చదవకపోతే, లేబుల్‌ను స్కేలు పక్కన పెట్టి తీసిన దగ్గరి ఫొటో, ప్రింటర్‌కు పంపిన టెక్స్ట్ రెండూ పెట్టండి, చుక్కలు ఎక్కడ తప్పాయో చూసి చెబుతాను.